ఇరవై ఒకటో పుట్టినరోజు లోపు

హై గార్త్, స్వేల్‌డేల్
22 అక్టోబరు 1995

లోర్నాకు,

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరో పోయారనుకుని కంగారుపడకు. ఇక్కడ అందరం బతికే ఉన్నాం. ఐవీ అత్తయ్యకు మోకాలి నొప్పి, నాకు నడుము నొప్పి, అంతే. ఏడాదికోసారి క్రిస్మస్ కార్డు మీద రెండు ముక్కలు గీకి పంపే మేనమామ ఇప్పుడు ఉత్తరం ఎందుకు రాశాడా అనుకుంటున్నావేమో.

పొట్టేళ్ళ సంత అయిపోయింది. ఈసారి కొత్తదాన్ని కొన్నాను. మూతి దగ్గర తెలుపు ఎక్కువైందని పక్క పొలం వాళ్ళు వంక పెట్టారు గానీ, కాళ్ళు చూడాలి, స్తంభాల్లా ఉన్నాయి. నిన్న పై మేతకు తోలుకెళ్తుంటే గోడ దూకి చర్చి ఆవరణలోకి పోయింది. పాదిరి గారి భార్య చీపురు పట్టుకుని బయటికొచ్చింది. అది ఆవిడ వంక ఒకసారి చూసి, ఆవిడ పెంచుకున్న పూలన్నీ తాపీగా మేసి, తనంతట తనే వెనక్కి వచ్చింది. దూకేటప్పుడు గోడ రెండు గజాల మేర కూలింది. రేపు ఆ రాళ్ళన్నీ మళ్ళీ పేర్చాలి.

అసలు సంగతి. వచ్చే మార్చి 14న నీకు ఇరవై ఒకటి నిండుతాయి. ఆ రోజు లోపల నువ్వు ఒక లాయరును కలవాలి. నీ చేతి విషయం. ఆ తేదీ దాటితే ఆ విషయం ముగిసిపోతుంది, ఇక ఎవరూ ఎవరినీ ఏమీ అడగడానికి ఉండదు. ఇంతకంటే రాయకూడదని నాకు చెప్పారు. ఎందుకని అడగొద్దు. తేదీ మాత్రం గుర్తు పెట్టుకో.

మీ అమ్మను అడిగానని చెప్పు. చెప్పకపోయినా పరవాలేదు.

ఎడ్విన్ ఆల్డర్సన్

*

హల్
2 నవంబరు 1995

ఎడ్విన్ మామయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. పేజీన్నర పొట్టేలు, అర పేజీ నేను. పొట్టేలు భాగమే బాగుంది.

అమ్మకు చదివి వినిపించాను. ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి ఆపకుండానే, "మా అన్నయ్య తనకు ఏ రోజు నుంచి హాయిగా నిద్ర పడుతుందో లెక్క వేసుకుంటున్నాడు. మార్చి పదిహేను నుంచన్నమాట" అంది. నాకూ అలాగే అర్థమైంది. పన్నెండేళ్ళ తర్వాత నా పుట్టినరోజు మీకు గుర్తొచ్చిందంటే అది నా కోసం కాదని తెలుసుకోలేనంత చిన్నపిల్లను కాను.

మీరు నిశ్చింతగా ఉండండి. నేను ఏ లాయరు దగ్గరకూ వెళ్ళను. ఎందుకు వెళ్ళాలి? ఎనిమిదేళ్ళప్పుడు వేసవి సెలవులకు మీ ఇంటికి వచ్చి, తిరిగే యంత్రం దగ్గరికి పోవద్దని వందసార్లు చెప్పినా వినకుండా దాని కిందికి దూరి, ఎడమ చేతి మూడు వేళ్ళూ మోచేతి బలమూ పోగొట్టుకున్నది నేను. తప్పు నాది. ఎక్కాలకంటే ముందు నాకు ఈ మాటే కంఠతా వచ్చింది.

పైగా గడువు ఎప్పుడో చెల్లిపోయింది. ఏ దెబ్బకైనా మూడేళ్ళేనని, 1986 ఆగస్టుతో అంతా అయిపోయిందని, ఉన్ని కొట్టులో తనతో పనిచేసే ఆవిడ అప్పట్లోనే అమ్మకు చెప్పిందట. ఆ కబురు మీ లోయ దాకా రాలేదేమో. తొమ్మిదేళ్ళు ఊరికే భయపడ్డారు.

అత్తయ్యను మోకాలికి వేడినీళ్ళ సంచి పెట్టుకోమనండి.

లోర్నా

*

హై గార్త్
12 నవంబరు 1995

లోర్నాకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఐవీ ఒక్కసారే చదివి, "ఉత్తరం రాయమంటే గోడ కట్టి పంపావు. ఆ పిల్ల వచ్చి దానికి తల కొట్టుకుంది" అంది. నేను మాటల మనిషిని కానని నీకు తెలుసు. తెలియకపోతే ఇప్పుడు తెలిసింది.

నువ్వూ మీ అమ్మా అనుకున్నది తప్పు. నేను తేదీ రాసింది అది దాటిపోవాలని కాదు, దాటిపోకూడదని.

మొన్న సంత అయ్యాక రైతు సంఘం వాళ్ళు ఒక లాయరు చేత మాట్లాడించారు. పొలం పనుల్లో తగిలే దెబ్బల గురించి, వాటి మీద దావాల గురించి. వెనక బెంచీ మీద సగం నిద్రలో ఉన్నాను. పెద్దవాళ్ళకైతే దెబ్బ తగిలిన రోజు నుంచి మూడేళ్ళు అన్నాడాయన. కొన్ని జబ్బులైతే, అది ఫలానా పని వల్ల వచ్చిందని తెలిసిన రోజు నుంచి. పిల్లలకు అలా కాదట, పద్దెనిమిది నిండేదాకా ఆ మూడేళ్ళ లెక్క మొదలే కాదట. నాకు నిద్ర ఎగిరిపోయింది. చెయ్యెత్తాను. నలభై ఏళ్ళలో నేను ఏ మీటింగులోనూ చెయ్యెత్తలేదు, అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"ఎనిమిదేళ్ళ పిల్లకైతే?"

"ఇరవై ఒకటో పుట్టినరోజు దాకా తలుపు తెరిచే ఉంటుంది."

"ఆ తర్వాత?"

"జడ్జి గారు దయతలిస్తే మళ్ళీ తెరవొచ్చు. ఆ దయను నమ్ముకుని కూర్చోమని మాత్రం నేను ఎవరికీ చెప్పను."

కాబట్టి ఉన్ని కొట్టు ఆవిడ మాట పెద్దవాళ్ళకు నిజం, నీకు కాదు.

మర్నాడు రిచ్‌మండ్ వెళ్ళి మా లాయరు థ్వైట్‌ను కలిశాను. మా నాన్న వీలునామా రాసింది ఆయనే. "ఆల్డర్సన్, నీ ఇన్సూరెన్సు పత్రం ఎప్పుడైనా చదివావా? తప్పు నాదని నీ అంతట నువ్వు ఎవరి దగ్గరా ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే వాళ్ళు చేతులు దులుపుకుంటారు. నోరు మూసుకుని గొర్రెలు కాచుకో" అన్నాడు. తేదీ చెప్పొచ్చా అని అడిగాను. "తేదీ చెప్పడానికి నన్నడగడం దేనికి? క్యాలెండరు అందరిదీ" అన్నాడు. అందుకే తేదీ ఒక్కటే రాశాను.

దావా నా పేరు మీద వేసినా, ఇవ్వాల్సింది ఇన్సూరెన్సు వాళ్ళు. నీకు మొహమాటం అక్కర్లేదు. వెళ్ళు.

మామయ్య

*

హల్
28 నవంబరు 1995

మామయ్య గారికి,

సరే, తొందరపడి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మ మాత్రం తీసుకోనంది.

కానీ మీ రెండో ఉత్తరం మొదటిదానికంటే బాధ పెట్టింది. నేను చేసిన తప్పుకు ఇన్సూరెన్సు వాళ్ళు ఇస్తారు. మీ జేబులోంచి పెన్నీ కదలదు. నాకు మొహమాటం ఉండదు. మీ మనసూ తేలికపడుతుంది. అందరికీ బాగుంది, ఎవరికీ ఏమీ కానట్టే.

నా పని ఏమిటో మీకు తెలియదు. ఓడరేవులో టిక్కెట్ల కిటికీ. కుడిచేత్తో టిక్కెట్టు ఇస్తాను, ఎడమచెయ్యి బల్ల కిందే ఉంటుంది. పోయిన వారం చిల్లర జారిపడి రెండు చేతులూ పైకి తేవలసి వచ్చింది. ఒక డచ్చి ముసలాయన చూసి, "యుద్ధంలోనా?" అని అడిగాడు. నా వయసు ఇరవై. "గడ్డి కోతల్లో" అన్నాను. తలూపి, "అదీ యుద్ధమే" అని చెప్పి ఓడ ఎక్కేశాడు. రోజంతా నవ్వొచ్చింది, ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

మోచెయ్యి అరిగిపోయిందని, ఆపరేషను చేయకపోతే రెండేళ్ళలో బిగుసుకుపోతుందని డాక్టరు అంటున్నాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషనుకు ఖర్చేమీ లేదు, వరస రావాలి అంతే. తర్వాత ఆరునెలలు పని చేయలేను, ఆ ఉద్యోగం నా కోసం ఆగదు. కాబట్టి నాకు ఆశ లేదనుకోకండి. కానీ కోర్టుకు వెళ్ళి, "చెప్పిన మాట వినలేదండీ, దానికి పరిహారం ఇప్పించండి" అని అడగడం నా వల్ల కాదు.

ఒక సంగతి మాత్రం రెండు రోజులుగా మనసులో తొలుస్తోంది. తప్పు ఒప్పుకోకూడదని మీ లాయరు అన్నాడని రాశారు. తప్పు నాదైతే, మీరు ఒప్పుకోవడానికి ఏముంది?

లోర్నా

*

హై గార్త్
10 డిసెంబరు 1995

లోర్నా,

నువ్వడిగిన దానికి జవాబు రాయకుండా పది రోజులు పొలం చుట్టూ తిరిగాను. ఈ ఉత్తరం థ్వైట్ చూస్తే నన్ను వదిలేస్తాడు. వదిలేయనీ.

1983 ఆగస్టు 11, గురువారం. కింది పొలంలో గడ్డి కోసి మూడు రోజులైంది. పడమటి కొండ మీద మబ్బు పట్టింది. నేను మోపులు కట్టే యంత్రం నడుపుతున్నాను. ట్రాక్టరు వెనక నుంచి ఆ యంత్రానికి ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, ట్రాక్టరు నడుస్తున్నంతసేపూ అది గిర్రున తిరుగుతూ యంత్రాన్ని ఆడిస్తుంది. దాని మీద ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. మా తొడుగు జూన్‌లో పగిలింది. పగిలిన ముక్క తగులుకుంటోందని మొత్తం ఊడదీసి పారేశాను. సంతకు వెళ్ళినప్పుడల్లా కొత్తది కొనాలనుకున్నాను, కొనలేదు. డబ్బు లేక కాదు. ఇవాళ కాకపోతే రేపు అనే బద్ధకం. అంతకంటే మర్యాదైన కారణం ఎంత వెతికినా దొరకలేదు.

నువ్వు గోడ పక్కన కూర్చున్నావు. అక్కడే కూర్చోమని నేను చెప్పిన చోటు అది. నువ్వెప్పుడూ చెప్పిన చోటే కూర్చునేదానివి. యంత్రంలో తాడు చిక్కుపడింది. నేను అవతలి వైపు పడుకుని చిక్కు లాగుతున్నాను. ట్రాక్టరు ఆపలేదు. ఆపితే మళ్ళీ స్టార్టవడానికి మొరాయిస్తుంది, వాన ముంచుకొస్తోంది.

"లోర్నా, ఆ కత్తి ఇలా అందియ్యి, త్వరగా" అని నేనే పిలిచాను.

నువ్వు కత్తి తీసుకుని ట్రాక్టరు ముందు నుంచి చుట్టూ తిరిగి రాబోయావు. అదే సరైన దారి, నీకు తెలుసు.

"అటు కాదే తల్లీ, ఇటు నుంచే ఇచ్చెయ్యి. టైము లేదు" అన్నాను.

ఇటు నుంచి అంటే ఆ కడ్డీ మీదుగా. నువ్వు ఎడమచేత్తో కత్తి పట్టుకుని చెయ్యి చాపావు. నీ చొక్కా చేతిని కడ్డీ చుట్టేసుకుంది.

నువ్వు దాని కిందికి దూరలేదు. మాట విననందుకు దెబ్బ తగల్లేదు నీకు. మాట విన్నందుకు తగిలింది. నా మాట.

ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చాక, పాత సామాన్ల కొట్టంలో మా నాన్న కాలం నాటి యంత్రం తొడుగు ఒకటి ఉంటే తెచ్చి బిగించాను. మరీ శుభ్రంగా కనబడుతోందని దాని మీద మట్టి కూడా పూశాను. తలెత్తి చూస్తే ఐవీ గేటు దగ్గర నిలబడి ఉంది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు యంత్రాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"తొడుగు ఉందే. మరి పిల్ల ఎలా వెళ్ళింది?"

"పిల్లలు చెబితే వింటారా?" అన్నాను.

ఆ మూడు మాటలే. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. మీ అమ్మ వస్తే ఆమెకూ అవే మూడు మాటలు చెప్పాను. అప్పటి నుంచి తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. మీ అమ్మ కోపం నా ఇంట్లో దెబ్బ తగిలినందుకని ఊరంతా అనుకుంది, అంతకు మించి ఉందని ఆమెకూ తెలియనివ్వలేదు.

ఈ ఉత్తరం తీసుకెళ్ళి లాయరుకు ఇవ్వు. ప్రతి ముక్కా నిజం, అందుకే కింద పూర్తి పేరు పెడుతున్నాను. నన్ను క్షమించమని అడగను. అడిగితే నీ చేత మళ్ళీ నా పనొకటి చేయించుకున్నట్టవుతుంది.

ఎడ్విన్ జేమ్స్ ఆల్డర్సన్

*

హై గార్త్
21 జనవరి 1996

లోర్నా,

జవాబు లేదు. రాయకూడదనుకుని ఉంటే అది నీ హక్కు. ఉత్తరమే అందలేదేమోనని మాత్రం భయంగా ఉంది. క్రిస్మస్ రద్దీలో పోస్టు పోవడం మామూలే. చింపేసి ఉంటావని ఐవీ అంటోంది. చింపినా ఇబ్బంది లేదు, థ్వైట్ ముందు కూర్చుని అదే సంగతి మళ్ళీ చెప్పి, రాయించి, సంతకం పెట్టాను. పేజీ తర్వాత పేజీ రాస్తూ ఆయన నా మొహం వంక చూడలేదు. అప్పటి తనిఖీ ఆఫీసుకూ ఒక ఉత్తరం రాశాను.

నా మీద కోపంతో తేదీ దాటనివ్వకు. కోపం నా మీద ఉంచుకో, లాయరు దగ్గరికి వెళ్ళు. ఇంకా యాభైమూడు రోజులున్నాయి.

ఇక్కడ గోడల ఎత్తున మంచు. రెండు గొర్రెలను తవ్వి తీశాం, రెండూ బతికాయి.

మామయ్య

*

హల్
6 ఫిబ్రవరి 1996

మామయ్యకు,

ఉత్తరం క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందే అందింది. చింపలేదు. పెళ్ళైనా చావైనా రెండు లైన్లు దాటని మనిషి ఇంత రాసేసరికి మొదట ఎవరి గురించో చదువుతున్నాననుకున్నాను. మూడు వారాలు పనికి వెళ్ళాను, తిన్నాను, పడుకున్నాను. నాకు ఏమీ కాలేదనుకున్నాను. తర్వాత ఒకరోజు ఓడ టిక్కెట్టుకు వరసలో నిలబడ్డావిడ తన కూతురితో "చెబితే వినవేం?" అంది. కిటికీ మూసేసి వెనక గదిలోకి వెళ్ళి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా పై అధికారి నీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ రోజే ఇంటికొచ్చి ఉత్తరం అమ్మ చేతిలో పెట్టాను. మెట్ల మీద కూర్చుని చదివింది. మిమ్మల్ని తిడుతుందనుకున్నాను. చదివి, మడిచి, మళ్ళీ కవర్లో పెట్టింది.

"ఆసుపత్రిలో నాకు చెప్పావు" అంది చివరికి.

"ఏం చెప్పాను?"

"మత్తు దిగాక మొదట అదే అన్నావు. 'మామయ్య పిలిచాడు' అని. అబద్ధాలు చెప్పకు, తప్పు చేస్తే ఒప్పుకోవాలి అన్నాను. రెండోసారి చెప్పావు, కసిరాను. మూడోసారి నువ్వు చెప్పలేదు."

నాకు అదేదీ గుర్తు లేదు మామయ్యా. కిందికి దూరినట్టే గుర్తు. నేల మీద గడ్డి ఎలా గుచ్చుకుందో కూడా గుర్తుంది. జరగని దాన్ని పన్నెండేళ్ళు గుర్తు పెట్టుకున్నాను. మీరు మూడు వేళ్ళు పోగొట్టారు, దాన్ని భరించగలను. నా తల లోపలికి వచ్చి అక్కడ ఉన్నదాన్ని మార్చేశారు. దాన్ని ఏం చేయాలో నాకు తెలియడం లేదు. అమ్మకూ తెలియడం లేదు. పొద్దున్నే లేచి నాకు రొట్టెకు వెన్న రాసి పెడుతోంది, నేను చిన్నపిల్లనైనట్టు.

మిస్ హార్‌గ్రీవ్ అనే లాయరమ్మను కలిశాను. పొట్టిగా, మెడలో రెండు కళ్ళజోళ్ళతో ఉంటుంది. నేను కూర్చోకముందే, "పుట్టినరోజెప్పుడు?" అంది. చెప్పాను. "అయితే కబుర్లు తర్వాత. ఆ రోజు లోపల కాగితం కోర్టులో పడాలి. కేసు తేలడం ఏళ్ళు పట్టినా పట్టనీ, పడటం మాత్రం ఆ లోపల పడాలి" అంది. అప్పుడు మీ ఉత్తరం ఇచ్చాను. రెండు కళ్ళజోళ్ళూ మార్చి మార్చి చదివింది.

"ఈయన దీన్ని లాయరుకు చూపించి రాశాడా?"

"వద్దన్నా రాశాడు."

"అప్పట్లో అబద్ధం చెప్పాడని, ఇప్పుడు అడక్కుండా తప్పు ఒప్పుకున్నాడని ఇన్సూరెన్సు వాళ్ళు తప్పుకోవచ్చు. అప్పుడు ఈ దావా ఆయన గొర్రెల మీద, పొలం మీద పడుతుంది. ఆయనకు తెలుసా?"

నాకు తెలియదన్నాను. అందుకే రాస్తున్నాను. మీకు తెలుసా? ఇవ్వాల్సింది ఇన్సూరెన్సు వాళ్ళేనని నవంబరులో మీరే రాశారు. నాకు మీ మీద కోపం ఉంది, చాలా ఉంది. కానీ అత్తయ్యను ఇంట్లోంచి వెళ్ళగొట్టేంత కోపం కాదు. కాగితం ఆవిడ బల్ల మీదే ఉంది. నేను ఇంకా సంతకం పెట్టలేదు.

లోర్నా

*

హై గార్త్
11 ఫిబ్రవరి 1996

లోర్నా,

తెలుసు. నవంబరులో నిజం చెప్పే ఉద్దేశం నాకు లేదు, అందుకే ఇన్సూరెన్సు వాళ్ళే ఇస్తారని రాశాను. నిజం దాచి నీకు పరిహారం ఇప్పిద్దామనుకున్నాను. నువ్వు ఆ ప్రశ్న అడగకపోతే అలాగే చేసి ఉండేవాణ్ణి. డిసెంబరులో రాసేటప్పుడు ఏం జరగొచ్చో థ్వైట్ ముందే చెప్పి ఉన్నాడు.

నీ ఉత్తరం ఐవీకి చదివి వినిపించాను. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని సాక్సు కుడుతోంది.

"నన్ను వెళ్ళగొట్టడమేమిటి? నాకు ఊళ్ళో అక్క ఉంది, అక్కకు ఖాళీ గది ఉంది, మెట్లు కూడా లేవు. ఈ మోకాలికి అదే హాయి" అంది. కాసేపు కుట్టి, "ఆ రోజు గేటు దగ్గర నేనూ ఉన్నాను. ఆ పిల్లకు ఆ సంగతీ రాయి" అంది.

రాశాను. అదివరకే రాశానని చెప్పాను. మళ్ళీ రాయమంది.

ఇది నేను నీకిస్తున్నదేమీ కాదు, వద్దనడానికి. నీది నీ దగ్గరికి వస్తోంది. సంతకం పెట్టు.

మామయ్య

*

హల్
8 మార్చి 1996

మామయ్యకు,

మంగళవారం సంతకం పెట్టాను. మిస్ హార్‌గ్రీవ్ తన మనిషిని పంపిస్తానంది, నేనే వెళ్తానన్నాను. అమ్మ కూడా వచ్చింది. టోపీ పెట్టుకుంది, చర్చికి వెళ్తున్నట్టు.

కోర్టు ఆఫీసులో కిటికీ అచ్చం నా కిటికీలాగే ఉంది. అవతల కూర్చున్నాయన కాగితాలు తిప్పి నా పుట్టిన తేదీ దగ్గర ఆగాడు. వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు.

"తొమ్మిది రోజుల ముందొచ్చారు. చాలామంది తొమ్మిది రోజుల తర్వాత వస్తారు" అన్నాడు.

"అప్పుడేం చేస్తారు?" అని అమ్మ అడిగింది.

"కాగితం తీసుకుంటామమ్మా. అవతలివాళ్ళు గడువు దాటిందంటారు. ఇక అక్కడి నుంచి దెబ్బ సంగతి పోయి తేదీ సంగతే మాట్లాడుకుంటారు."

ముద్ర వేశాడు. పైన నా పేరు, కింద మీ పేరు. రెండూ ఒకే ఇంటిపేరు కావడంతో ఒకసారి పైకీ కిందికీ చూశాడు. అమ్మ పెళ్ళి తర్వాత కూడా ఆల్డర్సన్‌గానే ఉండిపోయింది, నాకూ అదే పెట్టింది కదా. "బంధువులా?" అన్నాడు. "మా మేనమామ" అన్నాను. "పాపం" అన్నాడు. ఎవరి గురించో చెప్పలేదు.

బయటికొచ్చాక మెట్ల మీదే కూర్చున్నాను. గెలిచానని కాదు. ఎవరూ అడగకుండా, ఎవరూ పిలవకుండా నా కోసం నేను చెయ్యి చాపడం అదే మొదటిసారి అనిపించింది.

మీ దగ్గరికి కాగితం వస్తుంది. కంగారుపడకుండా థ్వైట్‌కు ఇవ్వండి. గొర్రెలు ఈనే రోజులు కదా, దాని మీద పాలు ఒలకబోయకండి.

లోర్నా

*

హల్
17 నవంబరు 1996

మామయ్యా,

నిన్న మిస్ హార్‌గ్రీవ్ పిలిచి చెప్పింది, అయిపోయిందని. ఇన్సూరెన్సు వాళ్ళు ఎనిమిది నెలలు గింజుకుని, జడ్జి ముందు ఆ ఉత్తరం చదవాల్సి వస్తుందనేసరికి దిగొచ్చారట. అయినా కొంత భాగం నీ నెత్తినే వేశారని, నువ్వు కింది పొలం అమ్మావని ఆమె నోటే విన్నాను. నువ్వు రాయలేదు. ఈ మధ్య పంపిన రెండు ఉత్తరాల్లోనూ గొర్రెల గురించే రాశావు. అది ఆ పొలమేనని నాకు తెలుసు. అమ్మడం కష్టమైందో తేలికైందో నేను అడగను.

జనవరిలో ఆపరేషను. ఉద్యోగం వదిలేశాను, ఈసారి భయపడకుండా వదిలేశాను. తర్వాత ఏం చదవాలో ఆలోచిస్తున్నాను. ఓడరేవు మ్యాపులు గీసే పని ఒకటుందట, ఒక చెయ్యి చాలట. చూడాలి.

అమ్మ ఇంకా నీ పేరు ఎత్తదు. కానీ అత్తయ్య పంపిన జామ్ సీసా సగం ఖాళీ చేసింది. నేను తినలేదు మరి.

మన మధ్య ఇంకా అన్నీ సర్దుకోలేదు. కొన్ని రోజులు బాగానే ఉంటుంది, కొన్ని రోజులు నీ ఉత్తరం కవరు విప్పబుద్ధి కాదు. అలాగే ఉండనీ. కానీ ఒకటి అడగాలి. ఆ రోజు గురించి నాకు గుర్తున్నదంతా తప్పని తేలాక, దాని చోట ఏమీ మిగల్లేదు. పొద్దున్న నేనెలా ఉన్నాను? ఏం తిన్నాను? అంబులెన్సులో నా పక్కన ఉన్నది నువ్వే అని అమ్మ చెప్పింది. నేనేమైనా మాట్లాడానా? కోర్టుకు అక్కర్లేనివి చెప్పు.

లోర్నా

*

హై గార్త్
24 నవంబరు 1996

అమ్మా లోర్నా,

పొద్దున్న రెండు గుడ్లు తిన్నావు. మూడోది అడిగితే కోడి ఇంకా పెట్టలేదని ఐవీ అంది, వెళ్ళి కోడి పక్కన కూర్చున్నావు. ముందు రోజు డామినోల్లో నన్ను ఓడించి, గొర్రెలకు పెదాలుంటాయా లేవా అని నాతో పందెం వేశావు. పొలానికి బండి మీద వస్తూ దారంతా పాడావు. ఒకే పాట, మాటలు రాని చోటల్లా నా పేరు పెట్టి పాడావు. ఎర్ర చొక్కా. ముందు పళ్ళలో ఒకటి ఊడి ఉంది. గోడ పక్కన కూర్చుని రాళ్ళలో పాకే పురుగులకు పేర్లు పెట్టావు, నాకు అన్నీ గుర్తు లేవు, ఒకదాని పేరు మాత్రం పాదిరి గారు. అన్నట్టు, గొర్రెలకు పెదాలుంటాయి. పందెం నువ్వే గెలిచావు.

అంబులెన్సులో నీ కుడిచెయ్యి పట్టుకుని కూర్చున్నాను. రిచ్‌మండ్ దాటేదాకా నువ్వు కళ్ళు తెరవలేదు. అక్కడ వాన మొదలైంది. బండి పైకప్పు మీద చప్పుడు విని నువ్వు కళ్ళు తెరిచావు.

"గడ్డి తడిసిపోతోందా?" అన్నావు.

"తడవనీ" అన్నాను.

తర్వాత నా వైపు తల తిప్పి, "నా వల్లేనా మామయ్యా?" అని అడిగావు.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. నువ్వు నా మొహం వంకే చూస్తున్నావని తెలుస్తూనే ఉంది. ఆసుపత్రి వచ్చేదాకా అలాగే బయటికి చూస్తూ కూర్చున్నాను, నీకు జవాబు చెప్పలేదు. ఆ రోజు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే సాయంత్రం ఆ తొడుగు బిగించడానికి నాకు చేతులు వచ్చేవి కావు.

నీ వల్ల కాదు తల్లీ. నీ వల్ల కానే కాదు.

మామయ్య